పది సెంట్ల పుస్తకం, లక్షల డాలర్ల వెల

పాత కామిక్ పుస్తకాలు అమెరికాలో నేడు ఇళ్లతోనూ పొలాలతోనూ వెలలో పోటీ పడుతున్నాయి. కొనేవారు ఏమి చూసి కొంటున్నారు? ఎవరి మాట నమ్ముతున్నారు?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఎల్బో లేక్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ ఒక వ్యక్తి 10,100 డాలర్లు పెట్టి పాడుబడిన ఇల్లొకటి కొన్నాడు. దానిని బాగు చేయించి తిరిగి అమ్ముకోవాలని ఆయన ఉద్దేశం. గోడ పలకలు ఊడదీస్తుండగా, చలి లోపలికి రాకుండా కూరిపెట్టిన పాత పత్రికల మధ్య ఒక బొమ్మల పుస్తకం కనబడింది. నీలి దుస్తుల మీద ఎర్రని ఉత్తరీయం ఎగురుతుండగా, ఒక వీరుడు కారును అమాంతం తలపైకి ఎత్తి బండకేసి కొడుతున్న ముఖచిత్రం అది. 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక. సూపర్‌మాన్ లోకానికి తొలిసారి పరిచయమైన పుస్తకం.

ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ సంబరంలో బంధువు ఒకామె పుస్తకం అందుకోబోయింది, ఆయన వెనక్కు లాక్కున్నాడు. వెనుక అట్ట చిరిగింది. ఆ ఒక్క చిరుగు ఖరీదు సుమారు 75,000 డాలర్లని తరువాత నిపుణులు లెక్కగట్టారు. పదికి ఒకటిన్నర పాయింట్ల గ్రేడు మాత్రమే దక్కిన ఆ పుస్తకం 2013 జూన్‌లో జరిగిన వేలంలో 1,75,000 డాలర్లకు అమ్ముడుపోయింది. అంటే ఇల్లు మొత్తానికి పెట్టిన వెలకు పదిహేడు రెట్లు, గోడ సందున దొరికిన కాగితాలకు వచ్చిందన్న మాట.

ఈ కథ విన్నవారందరూ అదృష్టం గురించే మాట్లాడుకుంటారు. కాని ఆలోచింపదగిన విషయం వేరే ఉంది. ఆ ‘ఒకటిన్నర’ ఎవరు నిర్ణయించారు? ఒక చిరుగుకు 75,000 డాలర్ల వెల ఎలా ఏర్పడింది? డబ్బు పెట్టి కొనేవాడికి ఆ అంకె ఎంతవరకు అండ?

పారవేసినందువల్లనే ప్రియమైంది

‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక వెల 10 సెంట్లు. దాదాపు రెండు లక్షల ప్రతులు అచ్చయ్యాయి. నేడు మిగిలినవి సుమారు వంద ఉండవచ్చునని అంచనా. తక్కినవన్నీ ఏమయ్యాయి? పిల్లలు చదివారు, మడిచి జేబులో పెట్టుకున్నారు, ఒకరి చేతినుంచి ఒకరికి ఇచ్చుకున్నారు, చివరకు చెత్తబుట్టలో వేశారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం పాత కాగితం సేకరించమని ప్రజలకు పిలుపునిచ్చినప్పుడు లెక్కలేనన్ని పుస్తకాలు ఆ బళ్లకెక్కాయి. 1940ల చివర కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయన్న ఆందోళన రేగి, కొన్ని ఊళ్లలో వాటిని కుప్పపోసి తగులబెట్టారు. 1954లో ఫ్రెడరిక్ వర్తమ్ అనే మనస్తత్వ వైద్యుడు వీటిపై ధ్వజమెత్తుతూ గ్రంథమే రాశాడు. సెనేటు ఉపసంఘం విచారణ జరిపింది. తల్లిదండ్రులు ఇళ్లలో ఉన్నవి కూడా పారవేశారు.

సూపర్‌మాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు ఆ పాత్రపై తమ హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. ఆ మొత్తం కూడా చేర్చి ప్రచురణకర్తలు ఇచ్చిన పాత చెక్కు 2012లో వేలానికి వచ్చినప్పుడు 1,60,000 డాలర్లు పలికింది. సృష్టికి ముట్టిన దానికంటె ఆ ముట్టినదానికి సాక్ష్యమైన కాగితానికే వెల ఎక్కువ!

అందరూ పారవేసిన దానిని భద్రపరచిన కొద్దిమంది వల్లనే మంచి ప్రతులు మిగిలాయి. కొలరాడో రాష్ట్రంలో ఎడ్గార్ చర్చ్ అనే చిత్రకారుడు సంవత్సరాల తరబడి కొన్న పుస్తకాలను చల్లని, పొడి గాలిగల ఇంట్లో దొంతులుగా పేర్చి ఉంచాడు. 1977లో చక్ రోజాన్‌స్కీ అనే యువ వర్తకుడి కంట పడేసరికి అవి వేల సంఖ్యలో, నిన్ననే అచ్చయినంత కొత్తగా ఉన్నాయి. నేటికీ ఆ సేకరణకు చెందిన ప్రతి అంటే కొనేవారు ఎక్కువ వెల పెడతారు. పాత పుస్తకం విలువ వయస్సులో లేదు, అది గడిపిన జీవితంలో ఉందని దీనివల్ల తెలుస్తుంది.

‘గుడ్’ అంటే మంచిది కాదు

1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే సేకర్త పాత కామిక్కుల ధరల పట్టికను తొలిసారి పుస్తకంగా ప్రచురించాడు. అప్పటినుంచి ‘మింట్’, ‘ఫైన్’, ‘గుడ్’ వంటి మాటలు వర్తకంలో స్థిరపడ్డాయి. ఈ మాటలతో ఒక చిక్కు ఉంది. ‘గుడ్’ అన్న పుస్తకం నిజానికి బాగా నలిగి, మడతలు పడి, అంచులు అరిగిన పుస్తకం. నేటి పది పాయింట్ల కొలతలో దాని స్థానం రెండు మాత్రమే. కొత్తగా కొనేవాడు ఆ మాటను నిఘంటువు అర్థంలో తీసుకుంటే నష్టపోయాడన్న మాటే.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి. చాలాకాలం పుస్తకం స్థితిని నిర్ణయించినవాడు దానిని అమ్మేవాడే. తన పెరుగు పుల్లన అని ఎవరూ అనరు కదా. ఉత్తరం ద్వారా ‘ఫైన్’ అని వాగ్దానం చేసి పంపిన పుస్తకం విప్పి చూస్తే ‘గుడ్’ అయి ఉండేది. ఇంటర్నెట్ వేలాలు మొదలైన తరువాత అమ్మేవాడి ముఖం కూడా కనబడకుండా పోయింది.

ఈ అవసరంలోంచి 2000 సంవత్సరంలో సీజీసీ అనే సంస్థ పుట్టింది. ఇది కొనదు, అమ్మదు. పుస్తకాన్ని పరీక్షించి దాని స్థితికి ఒక అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి తిరిగి ఇస్తుంది. 2014లో సీబీసీఎస్ అనే మరొక సంస్థ ఇదే పని మొదలుపెట్టింది.

పరీక్ష ఎలా జరుగుతుందంటే, ముందు పుటలు లెక్కిస్తారు. మధ్య పుటలు ఊడిపోయాయా, కూపన్లు కత్తిరించారా అని చూస్తారు. తరువాత మరమ్మతుల జాడ వెతుకుతారు. ఒకరికి మించిన పరీక్షకులు ఎవరికి వారుగా చూసిన మీదట అంకె ఖాయమవుతుంది. కొలత 0.5 నుంచి 10 వరకు, మొత్తం 25 మెట్లు. వెన్ను మీద గీతలు, మూలల మడతలు, కుట్టు పిన్నులకు పట్టిన తుప్పు, చెమ్మ మరకలు, రంగు వెలిసిపోవడం, ఇవన్నీ మెట్లు దించుతాయి. కాగితం తెల్లగా ఉందా, మీగడ రంగుకు తిరిగిందా, ముట్టుకుంటే విరిగే స్థితికి వచ్చిందా అన్నది వేరే రాస్తారు.

ఈ మెట్ల మధ్య దూరం ఎంతో 2010లో లోకానికి తెలిసింది. ఆ ఫిబ్రవరిలో 8.0 గ్రేడు గల ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక పది లక్షల డాలర్లకు అమ్ముడైంది. మరుసటి నెలలోనే 8.5 గ్రేడు గల మరొక ప్రతి పదిహేను లక్షలు పలికింది. పుస్తకం అదే, కథ అదే, బొమ్మలు అవే. తేడా అర పాయింటు. 2024 ఏప్రిల్ నాటికి 8.5 ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు చేరింది. 2025 నవంబరులో 1939 నాటి ‘సూపర్‌మాన్’ తొలి సంచిక, 9.0 గ్రేడుది, 91 లక్షల 20 వేల డాలర్లకు పోయింది. తల్లి మరణానంతరం ముగ్గురు అన్నదమ్ములకు ఇంటి అటక మీద దొరికిన ప్రతి అది.

చీటీ రంగు చెప్పే సంగతి

సీజీసీ పెట్టె పైభాగాన ఒక చీటీ ఉంటుంది. కొత్తవారు అంకె మాత్రమే చూస్తారు. అనుభవజ్ఞులు ముందు రంగు చూస్తారు. నీలి చీటీ ఉంటే పుస్తకం ఉన్నదున్నట్లు ఉందని అర్థం. ఊదా చీటీ ఉంటే మరమ్మతు జరిగిందని అర్థం. వెలిసిన చోట రంగు పూయడం, చిరుగులు అతకడం, లేని ముక్కను వేరే కాగితంతో పూరించడం వంటివి ఇందులోకి వస్తాయి. చూడటానికి మిలమిలలాడుతున్నా ఊదా చీటీ పుస్తకం వెల అదే అంకె గల నీలి చీటీ పుస్తకం కంటె చాలా తక్కువ. పసుపు చీటీ ఉంటే రచయితో చిత్రకారుడో సంస్థ ప్రతినిధి కళ్లెదుట సంతకం చేశాడని అర్థం. ఆకుపచ్చ చీటీ మరొక రకం హెచ్చరిక. పుస్తకం పైకి ఈ అంకెకు తగినట్లే ఉంది గాని, లోపల చెప్పుకోదగిన లోపం ఒకటి ఉందని దాని భావం.

ఆకుపచ్చ చీటీకి మంచి ఉదాహరణ 1974 నవంబరు నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక. వుల్వరీన్ అనే పాత్ర పూర్తిస్థాయిలో కనిపించిన తొలి పుస్తకమని దానికి గిరాకీ. ఆ రోజుల్లో మార్వెల్ కంపెనీ పాఠకుల ఉత్తరాల పుటలో తపాలా బిళ్ల వంటి బొమ్మ అచ్చువేసి, కత్తిరించి ఆల్బంలో అతికించుకోమని పిల్లలను ప్రోత్సహించింది. పిల్లలు చెప్పినట్లే చేశారు. ఇప్పుడు ఆ చిన్న చదరపు ముక్క లేనందుకే ఎన్నో ప్రతులు సగానికి సగం విలువ కోల్పోయాయి. పెట్టెలో మూయని ప్రతి కొనేవాడు ముందుగా తిప్పి చూడవలసింది ఆ పుటనే. ముఖచిత్రం ఎంత అందంగా ఉన్నా అక్కడి కన్నం సంగతి చెప్పదు.

మోసం ఎన్ని దారులలో వస్తుంది?

1974లో డీసీ కంపెనీ ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికను ఉన్నది ఉన్నట్లు తిరిగి అచ్చువేసింది. పైన దళసరి అట్ట వేసి, అది పునర్ముద్రణ అని స్పష్టంగా చెప్పింది. ఆ అట్ట ఊడదీస్తే లోపల 1938 నాటి ముఖచిత్రం, అప్పటి తేదీ, పది సెంట్ల వెలతో సహా కనబడుతుంది. దీనిని చూపి అసలు పుస్తకమని అమ్మినవారున్నారు, నమ్మి కొన్నవారున్నారు. మోసాన్ని పట్టించడానికి ఒక స్కేలు చాలు. పునర్ముద్రణ ఎత్తు దాదాపు పదమూడున్నర అంగుళాలు, అసలు పుస్తకం పదిన్నరకు మించదు. పోతే, ఛాయాచిత్రంలో స్కేలు కనబడదు.

అరిగిన అంచులను కత్తిరించి పదును చేయడం మరొక మోసం. అంచు మరీ తిన్నగా, కొత్తగా ఉండి, పుస్తకం ఆ కాలపు ప్రమాణం కంటె కాస్త చిన్నదయితే అనుమానించాలి. రంగు పూసినది పట్టుకోవడానికి అట్ట లోపలివైపు చూడాలి, సిరా అక్కడికి ఇంకి ఉంటుంది. అతినీలలోహిత దీపం కింద కొత్త రంగు పాత రంగులో కలవక వేరుగా తేలుతుంది.

పుస్తకం అసలుదే అయినా అమ్మేవాడిది కాకపోవచ్చు. నటుడు నికొలస్ కేజ్ 1997లో లక్షా యాభై వేల డాలర్లకు కొన్న ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచిక 2000లో ఆయన ఇంటినుంచి దొంగతనమైంది. పదకొండేళ్ల తరువాత, 2011లో, కాలిఫోర్నియాలోని ఒక అద్దె గిడ్డంగి గదిలో దొరికింది. 9.0 గ్రేడుతో ఆ ఏడాది నవంబరులోనే 21 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడైంది. ఆ పదకొండేళ్లలో దానిని తెలియక కొన్నవాడెవరైనా ఉంటే, డబ్బూ పుస్తకమూ రెండూ పోగొట్టుకునేవాడు. అందుకే పుస్తకం ఎవరి చేతులు మారి వచ్చిందో అడగడం అమర్యాద కాదు.

చివరకు పెట్టెను కూడా కళ్లు మూసుకుని నమ్మరాదని 2023 చివర తేలింది. పెట్టె పగిలితే పుస్తకాన్ని కొత్త పెట్టెలోకి మార్చి ఇచ్చే సదుపాయం సీజీసీలో ఉంది. ఎక్కువ గ్రేడు పెట్టెను తెరిచి, అందులో తక్కువ స్థితి పుస్తకం ఉంచి, పెట్టె దెబ్బతిన్నదని పంపి, పాత అంకెతోనే కొత్త పెట్టె సంపాదించిన వ్యవహారం బయటపడింది. సంస్థ దర్యాప్తు జరిపి, న్యాయస్థానానికి వెళ్లింది. తాళం ఎంత గట్టిదైనా తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చూసుకోక తప్పదు.

అంకె కూడా మనిషి వేసినదే

గ్రేడింగు సంస్థలు చేసిన మేలు చిన్నది కాదు. దూరాన ఉన్న ఇద్దరు అపరిచితులు ఒకే భాషలో బేరమాడగల స్థితి వాటివల్లనే వచ్చింది. అయినా పాఠకులు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. గ్రేడు ఒక అభిప్రాయం. నిపుణుల అభిప్రాయమే, అయినా అభిప్రాయమే. ఒకే పుస్తకాన్ని పెట్టె నుంచి తీసి మళ్లీ పంపితే వేరే అంకె రావడం ఈ రంగంలో తెలిసిన సంగతే. మంచి అంకె వచ్చేదాకా పదే పదే పంపేవారూ ఉన్నారు. అందువల్ల ‘ఈ గ్రేడులో ఇన్ని ప్రతులున్నాయి’ అని సంస్థ చూపే జనాభా లెక్కలో ఒకే పుస్తకం రెండు మూడు సార్లు చేరి ఉండవచ్చు.

రుసుము చెల్లించేది పుస్తకం పంపినవాడు, కొనబోయేవాడు కాదు. పైగా పుస్తకం విలువ పెరిగే కొద్దీ రుసుమూ పెరుగుతుంది. వేడితోనూ తేమతోనూ అదిమి ముడతలు పోగొట్టే ‘ప్రెసింగ్’ను సీజీసీ మరమ్మతుగా పరిగణించదు. దానిని మరమ్మతే అనే పాత సేకర్తలు లేకపోలేదు. ఇక ఇది నేడు చిన్న వ్యాపారం కాదు. 2021లో బ్లాక్‌స్టోన్ అనే పెద్ద పెట్టుబడి సంస్థ సీజీసీ మాతృసంస్థలో అధిక వాటా కొన్నది. ఇవి తప్పులని కాదు. కొనేవాడు తన కన్ను తాను వాడుకోవాలన్నదే ఇందులోని సారాంశం.

అందరూ దాచుకున్నది అరుదు కాదు

పాత పుస్తకాల వెలలు చూసి 1990ల ఆరంభంలో అమెరికాలో జనం కొత్త పుస్తకాలను కట్టలు కట్టలుగా కొన్నారు. 1991లో ‘ఎక్స్-మెన్’ కొత్త మొదటి సంచిక ఎనభై లక్షల ప్రతులకు పైగా పోయింది. 1992 నవంబరులో సూపర్‌మాన్ మరణించిన సంచిక నల్లని సంచీలో మూసి అమ్మితే, దుకాణాల ముందు బారులు తీరారు. విప్పకుండా దాచితే పిల్లల చదువుకు పనికివస్తుందని నమ్మినవారెందరో. కాని లక్షలమంది ఒకే పుస్తకాన్ని జాగ్రత్తగా దాచినప్పుడు అది అరుదైనది ఎలా అవుతుంది? గిరాకీ కూలింది, దుకాణాలు మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీయే దివాలా రక్షణ కోరింది. ఇటీవలి మహమ్మారి కాలంలోనూ వెలలు ఎగబాకి, తరువాత చాలా పుస్తకాల విషయంలో దిగివచ్చాయి. అప్పు చేసి కొన్నవాడికి దిగివచ్చే రోజులే గండం.

కొనబోయేవారికి కొన్ని సూచనలు

1. అంకె కంటె ముందు పుస్తకాన్ని చూడండి. ఒకే గ్రేడులోని రెండు ప్రతులలో ఒకటి కంటికి ఇంపుగానూ, ఒకటి మచ్చలతోనూ ఉండవచ్చు.

2. చీటీ మీది ధ్రువీకరణ సంఖ్యను సంస్థ రికార్డులతో సరిపోల్చండి. సంస్థ వద్ద ఛాయాచిత్రం ఉంటే, చేతిలోని ప్రతి మీది మడతలు, మచ్చలు ఒక్కొక్కటిగా పోల్చండి. వేలిముద్రలవలె అవి రెండు ప్రతులకు ఒకటిగా ఉండవు.

3. పెట్టె అంచులలో పగుళ్లు, గోకిన గుర్తులు, జిగురు జాడ ఉంటే వెనుకాడండి.

4. పెట్టె లేని పుస్తకమైతే పుటలు లెక్కించండి, మధ్య పుటలు పిన్నులకు అంటి ఉన్నాయా చూడండి, కొలవండి. లోపలి పుటల ఛాయాచిత్రాలు పంపనంటే బేరం మానుకోండి.

5. ఒక్కరు అడిగిన వెల చూసి నిర్ణయించవద్దు. అదే గ్రేడులో ఇటీవల నిజంగా అమ్ముడైన వెలలు చూడండి. అడిగే వెలకు హద్దు లేదు.

6. మరీ చవకగా వస్తే సంతోషించే ముందు ఆలోచించండి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్న బేరాలు పుస్తకాలలో సాధారణంగా జరగవు.

7. తిరిగి ఇచ్చే షరతును కాగితం మీద రాయించుకోండి. రసీదు లేని పుస్తకాన్ని రేపు మీరు అమ్మలేరు.

మన ఇంటి అటక మీద

ఈ కథలోని లక్షలు అమెరికావి. కాని పాత పుస్తకం మీది మమకారం మనకూ కొత్త కాదు. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో మొదలైన ‘చందమామ’ పాత సంచికల కోసం వెతికే తెలుగువారు నేడు హైదరాబాదులోనూ ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. 1964లో ఆరంభమై 1990లో ఆగిపోయిన ‘ఇంద్రజాల్ కామిక్స్’కు, 1967లో అనంత్ పై ప్రారంభించిన ‘అమర్ చిత్ర కథ’కు దేశమంతటా సేకర్తలున్నారు. ఇక్కడ కూడా అవే జాగ్రత్తలు వర్తిస్తాయి. ‘అమర్ చిత్ర కథ’ పుస్తకాలు మళ్లీ మళ్లీ అచ్చయ్యాయి కనుక తొలి ముద్రణ అన్న మాట నమ్మే ముందు అట్ట మీది వెలనూ, ముద్రణ వివరాలనూ చూడాలి. బైండు చేయించిన ‘చందమామ’ సంపుటాలలో అంచులు కత్తిరించి ఉంటారు, కొన్నిటిలో ముఖచిత్రాలే తీసివేసి ఉంటారు.

మన శీతోష్ణస్థితి కాగితానికి శత్రువు. పత్రికల కాగితంలోని ఆమ్లం దానిని లోలోపలే తింటుంది. తేమ పిన్నులను తుప్పు పట్టిస్తుంది, వెండిచేప పురుగు బంక కోసం వెన్నును కొరుకుతుంది. పుస్తకాలను నేలకూ గోడకూ ఆనకుండా, ఎండ తగలనిచోట, నిలబెట్టి ఉంచడం మేలు. మామూలు ప్లాస్టిక్ సంచీ కంటె పాలియెస్టర్ తొడుగు, వెనుక ఆమ్లం లేని అట్ట మంచివి. చిరుగులకు సెలోటేపు అంటించడం మాత్రం ఎంతమాత్రం తగదు. కొన్నాళ్లకు టేపు ఊడిపోతుంది, గోధుమరంగు మరక శాశ్వతంగా మిగులుతుంది.

గట్టి పెట్టెలో మూసిన పుస్తకాన్ని ఇక ఎవరూ చదవలేరు. తెరిచిన మరుక్షణం దాని గ్రేడు పోతుంది. లక్షల డాలర్ల పుస్తకానికి అది తగిన ఏర్పాటే కావచ్చు. కాని సేకర్తలలో అత్యధికులు లక్షాధికారులు కారు. చిన్ననాడు చదివి పోగొట్టుకున్న పుస్తకాన్ని జీతంలో మిగిల్చిన డబ్బుతో మళ్లీ కొనుక్కునేవారే. వారికి రెండో మూడో పాయింట్ల గ్రేడు గల ప్రతి తక్కువ వెలకే దొరుకుతుంది, మడతలతో, ఎవరో పిల్లవాడు పెన్సిలుతో రాసుకున్న పేరుతో సహా. పుటలన్నీ ఉన్నాయని లెక్కపెట్టుకుని, తిరిగి అమ్మే ఆశ పెట్టుకోకుండా దానిని కొన్నవాడికి మోసపోయే భయమూ తక్కువే, విప్పి చదువుకునే స్వేచ్ఛా ఉంటుంది.